పదకొండేళ్ల డై సెట్టర్ నెలకు తొమ్మిది రోజులు రావడం లేదు. తీసేయవచ్చా?

ప్రెస్‌షాప్_పీన్యా | 12 జూన్ 2023, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. బెంగళూరు పీన్యాలో నాకు చిన్న ప్రెస్ షాప్ ఉంది. కార్మికులు 34 మంది. ద్విచక్ర వాహనాలకు బ్రాకెట్లు, క్లాంపులు కొట్టి సరఫరా చేస్తాం.

సమస్య మా డై సెట్టర్‌తో, అంటే ప్రెస్‌కు డై (రేకును ఆకారంలోకి కొట్టే అచ్చు) బిగించేవాడితో. మాది హిందూపురం, అతనిదీ ఆ పక్క పల్లెటూరే. పదకొండేళ్ల కిందట హెల్పర్‌గా చేరి నా కళ్ల ముందే పని నేర్చుకున్నాడు. డై ఎక్కించి, మొదటి పీసు కొట్టి, అంచును బొటనవేలితో ఒకసారి తడిమితే చాలు, బర్ (అంచున లేచే గరుకు) ఎటువైపు లేస్తోందో చెప్పేస్తాడు. అలాంటి మనిషి ఫిబ్రవరి నుంచి పనికి సరిగా రావడం లేదు. ఫిబ్రవరిలో 4 రోజులు మానాడు, మార్చిలో 6, ఏప్రిల్‌లో 7, మే నెలలో 9. ముందుగా చెప్పడు. ఫోను చేస్తే ఎత్తడు. మర్నాడు వచ్చి తల దించుకుని ‘ఇంట్లో పని పడింది సార్’ అంటాడు. ఎంత అడిగినా అంతకుమించి ఒక్క మాట రాదు.

అతను లేని రోజు డై మార్చాల్సి వస్తే 110 టన్నుల ప్రెస్ అలాగే నిలబడిపోతుంది. మే 19న సరుకు అందక కొనుగోలుదారు నుంచి నానా మాటలు పడ్డాను. మిగతావాళ్లు ‘మాకైతే మెమో ఇచ్చేవారు, ఆయన మీ ఊరివాడు కదా’ అని నా ముందే అంటున్నారు. ఆ మాట బాగా తగిలింది.

తీసేద్దామంటే మా ఆడిటర్ ‘లేబర్ కోర్టు వ్యవహారం, తొందరపడకండి’ అన్నారు. అనుభవం ఉన్నవారు చెప్పండి. వారం రోజులుగా నిద్ర పట్టడం లేదు.

బొమ్మసంద్ర_ఫౌండ్రీ | 12 జూన్ 2023, రాత్రి 10:25

ఇందులో ఇంత ఆలోచన దేనికండీ? ‘ఎనిమిది రోజులు చెప్పకుండా రాకపోతే ఉద్యోగం తానే వదులుకున్నట్టు’ అని నియామక పత్రంలో రాసే ఉంటారు. మస్టర్ (హాజరు పుస్తకం) లోంచి పేరు కొట్టేయండి, రావలసిన డబ్బు లెక్కగట్టి చేతిలో పెట్టండి. మేం ఇద్దరిని అలాగే పంపాం, ఎవరూ కోర్టుకు వెళ్లలేదు. ఒక్కడి మీద జాలిపడితే మిగిలిన 33 మంది పొట్ట కొట్టినట్టవుతుంది. నాకూ మనసుంది, కానీ బ్యాంకు వాయిదా మన మనసు చూసి ఆగదు.

రాజాజీనగర్_వకీలు | 13 జూన్ 2023, ఉదయం 7:10

పేరు కొట్టేసే పని మాత్రం చేయకండి. వాళ్లు కోర్టుకు వెళ్లలేదు కాబట్టి సరిపోయింది, వెళ్లి ఉంటే నిలిచేది కాదు.

1993లో సుప్రీంకోర్టు డి.కె. యాదవ్ కేసులో తేల్చింది సరిగ్గా ఇదే. ఎనిమిది రోజులకు మించి రాలేదని ఒక కంపెనీ తన స్టాండింగ్ ఆర్డర్స్ (ఉద్యోగ నియమావళి) ప్రకారం కార్మికుడి పేరు తీసేసింది. విచారణ లేదు, సంజాయిషీ అడగలేదు. నిబంధన కాగితం మీద ఉన్నంత మాత్రాన మనిషి చెప్పేది వినకుండా అతని జీవనోపాధి తీసేయడం కుదరదని కోర్టు అంది. మళ్లీ పనిలోకి తీసుకోవాలని, పాత జీతంలో సగం చెల్లించాలని ఆదేశించింది.

మీ 34 మందికి స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం వర్తించదు. అయినా 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం వర్తిస్తుంది, సహజ న్యాయ సూత్రాలూ వర్తిస్తాయి. కొందరు ‘రిట్రెంచ్‌మెంట్ (సిబ్బంది తగ్గింపు) అని రాసి నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల వేతనం ఇచ్చి పంపేద్దాం’ అంటారు. ఆ దారిలో 25-జి సెక్షన్ ఎదురవుతుంది. ఆ విభాగంలో చివరగా చేరినవారిని ముందుగా తీయాలి. పదకొండేళ్ల మనిషిని తీసి కొత్తవాడిని ఉంచితే లేబర్ కోర్టులో మొదటి వాయిదాకే మీ ఉద్దేశం బయటపడుతుంది.

అలాగని చట్టం యజమాని చేతులు కట్టేసిందని అనుకోవద్దు. ఇక్కడి ఎల్ అండ్ టి కొమాట్సు కేసులో 2007లో సుప్రీంకోర్టు పదే పదే పని ఎగ్గొట్టడం తీవ్రమైన క్రమశిక్షణ ఉల్లంఘనేనని చెప్పి, ఉద్యోగం నుంచి తీసివేతను సమర్థించింది. తేడా అంతా మీరు నడిచిన దారిలో ఉంటుంది. సంజాయిషీ నోటీసు, అది సరిపోకపోతే ఛార్జిషీటు, ఆపైన విచారణ, విచారణ నివేదిక ప్రతి కార్మికుడికి ఇచ్చి చివరిసారి అతని మాట వినడం, ఆ తర్వాతే ఉత్తర్వు. ఒక్క మెట్టు దాటేసినా మళ్లీ మొదటికే వస్తుంది.

ఇంతకీ నాలుగు నెలల్లో మీరు అతనికి ఒక్క కాగితమైనా ఇచ్చారా?

ప్రెస్‌షాప్_పీన్యా | 13 జూన్ 2023, ఉదయం 8:40

లేదండి. అన్నీ నోటి మాటలే. ఈ రోజు కూడా రాలేదు.

అంబత్తూరు_మేడమ్ | 13 జూన్ 2023, మధ్యాహ్నం 1:15

వకీలు గారు చెప్పిన మెట్లకు నా అనుభవం కలుపుతాను. చెన్నైలో పద్దెనిమిదేళ్లుగా హెచ్ఆర్ పనిలో ఉన్నాను. మొదటి ఉద్యోగంలో ఉండగా గూడూరు నుంచి వచ్చిన ఒక వెల్డర్ మీద ఇలాగే విచారణ పెట్టాం. గైర్హాజరు నిజం, రిజిస్టర్లు నిజం, సాక్షులు నిజం. ఛార్జిషీటు మాత్రం ఇంగ్లీషులో ఇచ్చాం. అతనికి తెలుగు తప్ప మరో భాష చదవడం రాదు. విచారణ తమిళంలో నడిచింది, అతను ప్రతి పేజీ కింద సంతకం పెట్టాడు. లేబర్ కోర్టులో ఆ కాగితం అతని చేతికిచ్చి ‘ఇందులో ఏముందో చెప్పు’ అని అడిగారు. అతను కాగితాన్ని తిప్పి పట్టుకున్నాడు. అక్కడే మా కేసు అయిపోయింది. ఆ కాగితం తయారు చేసింది నేనే. ఇప్పటికీ ఏ నోటీసు రాసినా అతని చేతులే గుర్తొస్తాయి.

అందుకని ప్రెస్‌షాప్ గారూ, ఏది ఇచ్చినా తెలుగులో ఇవ్వండి. తేదీలన్నీ విడివిడిగా రాయండి. ‘తరచూ రావడం లేదు’ అని గుండుగుత్తగా రాస్తే అది ఆరోపణ కాదు. విచారణ అధికారిగా మీ మేనేజరునో మీ బావగారినో కూర్చోబెట్టకండి, బయటివారిని పెట్టుకోండి. తోడుగా సాటి కార్మికుడిని తెచ్చుకోవచ్చని నోటీసులోనే చెప్పండి. ఇంకొకటి ముఖ్యం. మానిన రోజులకు తర్వాత ఎప్పుడైనా సెలవు మంజూరైనట్టు మస్టర్‌లో రాశారా? రాసి ఉంటే ఆ రోజులను అనుమతి లేని గైర్హాజరుగా మళ్లీ చూపడం కష్టం. జీతం పట్టికలో మీ గుమస్తా ఏ అక్షరం వేశాడో ఈ రోజే చూసుకోండి.

లేత్_పనివాడు | 13 జూన్ 2023, రాత్రి 9:05

నేను యజమానిని కాదు, వకీలునూ కాదు. పాతికేళ్లుగా ఇదే పీన్యాలో మిషన్ల దగ్గర నిలబడ్డవాణ్ణి. అన్నా, ఒక మాట అడుగుతాను, తప్పుగా తీసుకోవద్దు. తాగుబోతు అయితే సోమవారం మానతాడు. ఇంకోచోట పని చూసుకుంటున్నవాడు వరసగా మానతాడు. మీ వాడు మానిన తేదీలు ఏమిటి? మే నెలవి ఇక్కడ రాయగలరా?

పదకొండేళ్లు సరిగా చేసినవాడు ఉన్నట్టుండి మారాడంటే ఏదో జరిగింది. మాలాంటివాళ్లం యజమాని దగ్గర ఇంటి కష్టం చెప్పం. చెబితే ‘వీడు ఇక పనికిరాడు’ అని లెక్క వేస్తారేమోనని భయం.

ప్రెస్‌షాప్_పీన్యా | 13 జూన్ 2023, రాత్రి 10:30

మస్టర్ ఇంటికి తెచ్చుకున్నాను. మే నెల: 2, 5, 6, 9, 12, 16, 19, 26, 30. సెలవు మంజూరు అని ఎక్కడా లేదు, అన్నిటికీ ‘గై’ అనే ఉంది.

లేత్_పనివాడు | 13 జూన్ 2023, రాత్రి 10:52

క్యాలెండరు పక్కన పెట్టుకుని చూశాను. 2, 9, 16, 30 మంగళవారాలు. 5, 12, 19, 26 శుక్రవారాలు. 6వ తేదీ ఒక్కటే శనివారం. ఈ రోజు కూడా మంగళవారమే.

అన్నా, వారానికి రెండుసార్లు, అవే రోజులు. మా అన్నయ్యకు రెండేళ్లు డయాలసిస్ చేయించాం. ఆ రోజుల్లో నా మస్టర్ కూడా ఇలాగే ఉండేది. నేను అనుకున్నది తప్పు కావచ్చు. కానీ రేపు అతన్ని అందరి ముందు కాకుండా పక్కకు పిలిచి అడగండి.

బొమ్మసంద్ర_ఫౌండ్రీ | 13 జూన్ 2023, రాత్రి 11:20

తేదీలు చూశాక నా మాట కాస్త వెనక్కి తీసుకుంటాను. నాకు ఇది తట్టలేదు. మా మస్టర్‌లోనూ తేదీలే ఉంటాయి, వారాలు ఉండవు.

ప్రెస్‌షాప్_పీన్యా | 14 జూన్ 2023, రాత్రి 10:15

లేత్_పనివాడు గారికి చేతులెత్తి నమస్కారం.

ఈ రోజు మధ్యాహ్నం భోజనాల వేళ టూల్ రూమ్‌లోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాను. ‘మంగళవారం, శుక్రవారం ఎక్కడికి వెళ్తున్నావు?’ అని మాత్రమే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. చేతిలో ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకుల పరికరం) ఉంది, దాని ఆకులు ఒక్కొక్కటే తీస్తూ మూస్తూ ఉన్నాడు. తర్వాత చెప్పాడు. భార్యకు రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి. నిరుడు సెప్టెంబరు నుంచి డయాలసిస్. డిసెంబరు దాకా ఇక్కడే ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ద్వారా జరిగింది, అతని షిఫ్టుకు అడ్డం రాకుండా సాయంత్రం వేళ దొరికేది. జనవరిలో కార్డు చెల్లదన్నారు. అప్పటి నుంచి ఆమెను హిందూపురంలో పుట్టింట్లో ఉంచాడు. అక్కడి రేషన్ కార్డులో ఆమె పేరు ఉంది కాబట్టి ఆరోగ్యశ్రీ కింద ఖర్చు లేకుండా జరుగుతోంది. మొదట బావమరిది తీసుకెళ్లేవాడు. అతనికి పని దొరికి ఆ వెసులుబాటు తగ్గేకొద్దీ ఇతను వెళ్లడం పెరిగింది. షిఫ్టు దిగి రాత్రికి యశ్వంతపురంలో రైలెక్కడం, మర్నాడు ఆసుపత్రి, మళ్లీ రైలు. మే 5న డయాలసిస్ తర్వాత చలిజ్వరం వచ్చి రాత్రంతా అక్కడే ఉంచారట. అదే ఆ శనివారం. 23న బావమరిది వెళ్లాడు, ఇతను పనికి వచ్చాడు.

కార్డు ఎందుకు చెల్లలేదని అడిగాను. 2022 ఏప్రిల్‌లో నేనే అతని జీతం 20,400 నుంచి 22,600 చేశాను. ఈఎస్ఐ పరిమితి 21,000. ఆ రోజు అందరి ముందు చప్పట్లు కొట్టించి మరీ పెంచాను. నెలకు 2,200 చేతిలో పెట్టి, అతని భార్య వైద్యం లాగేసుకున్నాను. నాకు ఈ సంగతి తెలియదు. తెలుసుకోవలసింది నేను.

‘ముందే ఎందుకు చెప్పలేదు?’ అంటే ‘చెబితే తీసేస్తారని’ అన్నాడు. నేను ఆ రోజుల్లో అదే ఆలోచిస్తూ ఉన్నాను కదా, ఏం జవాబు చెప్పను?

ఈఎస్ఐ_గుమస్తా | 15 జూన్ 2023, ఉదయం 6:45

ఈ తప్పు మీ ఒక్కరిదే కాదు, ఈ గీత దగ్గర చాలామంది చిన్న యజమానులు జారిపడతారు. లెక్క ఎలా ఉంటుందో చెబుతాను, మిగతావారికైనా పనికొస్తుంది.

చందా కాలాలు రెండు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. కాలం మధ్యలో జీతం 21,000 దాటితే ఆ కాలం ముగిసేదాకా చందా కట్టాలి, కార్మికుడు బీమాలోనే ఉంటాడు. మీరు సరిగ్గా ఏప్రిల్‌లో పెంచారు కాబట్టి మొదటి రోజు నుంచే బయటికి వెళ్లిపోయాడు. అక్టోబరు–మార్చి చందాకు ప్రయోజనం ఆ తర్వాతి జులై–డిసెంబరులో అందుతుంది. అందుకే డిసెంబరు దాకా వైద్యం నడిచి జనవరిలో ఆగింది. మీరు మే నెలలో పెంచి ఉంటే సెప్టెంబరు దాకా చందా కట్టేవారు, ఆమెకు ఈ జూన్ నెలాఖరు దాకా వైద్యం దొరికేది. యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడిది 0.75 శాతం. అంత చిన్న మొత్తానికి ఇంత పెద్ద రక్షణ.

కార్డు కోసం జీతం తగ్గించే ఆలోచన చేయకండి, అది ఇంకో గొడవ. 21,000 దాటినవారందరికీ బృంద ఆరోగ్య బీమా తీసుకోండి. ముందే ఉన్న జబ్బులకు మొదటి రోజు నుంచి వర్తించేలా రాయించుకోండి. అడగకపోతే వాళ్లు రాయరు.

ఈఎస్ఐలో ఉన్న కార్మికుడే జబ్బుపడితే మాత్రం ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్ గుర్తుంచుకోవాలి. అతను అనారోగ్య భత్యం తీసుకుంటున్నా, ధ్రువీకరించిన జబ్బుతో సెలవులో ఉన్నా, ఆ కాలంలో తీసేయడం, శిక్షించడం నిషిద్ధం. ఆ సమయంలో ఇచ్చిన నోటీసే చెల్లదు.

రాజాజీనగర్_వకీలు | 15 జూన్ 2023, ఉదయం 9:30

కారణం తెలిశాక చట్టం కూడా మరోలా చూస్తుంది. 2012లో కృష్ణకాంత్ పర్మార్ కేసులో సుప్రీంకోర్టు, గైర్హాజరు ఉద్దేశపూర్వకమా, తప్పించుకోలేని పరిస్థితి వల్ల వచ్చిందా అన్నది తేల్చకుండా దాన్ని దుష్ప్రవర్తన అనకూడదని చెప్పింది. మీ డై సెట్టర్ విచారణలో నోరు విప్పి ఉంటే మీ కేసు అక్కడే ఆగేది. విప్పకుండా లేబర్ కోర్టులో విప్పి ఉంటే మీకు ఇంకా నష్టం.

ఇప్పుడు చేయవలసింది. ఫ్యాక్టరీల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆదివారం బదులు, దానికి ముందు మూడు రోజుల్లో గానీ తర్వాత మూడు రోజుల్లో గానీ ఒక రోజును వారపు సెలవుగా ఇవ్వవచ్చు. ముందుగా ఇన్‌స్పెక్టర్ కార్యాలయానికి నోటీసు పంపాలి, ఫ్యాక్టరీలో అతికించాలి, వరసగా పది రోజులకు మించి పని చేయించకూడదు. మంగళవారం ఆ పరిధిలోకి వస్తుంది. 79వ సెక్షన్ కింద అతనికి 20 పనిదినాలకు ఒకటి చొప్పున వేతన సెలవు వచ్చి ఉంటుంది. ఎన్ని మిగిలాయో చూసి శుక్రవారాలకు వాడుకోనివ్వండి.

ఒక్క మాట మాత్రం కచ్చితంగా చెబుతాను. జాలితో కాగితం మానేయకండి. ఈ ఏర్పాటు తెలుగులో రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. రాలేని రోజు ఫోనులో చెప్పాలన్న షరతు పెట్టండి. రేపు మరొకరు ‘ఊరివాడని వదిలేశారు’ అంటే మీ దగ్గర కారణం, తేదీ, సంతకం ఉండాలి.

అంబత్తూరు_మేడమ్ | 15 జూన్ 2023, మధ్యాహ్నం 12:40

అతని భార్య జబ్బు సంగతి మిగతా కార్మికులకు మీరు చెప్పకండి. చెప్పాలా వద్దా అన్నది అతని ఇష్టం. ‘వారపు సెలవు మార్చాం’ అంటే సరిపోతుంది. గుసగుసలు వస్తే ఓర్చుకోండి.

కారణం ప్రతిసారీ ఇంత న్యాయంగా ఉంటుందనీ అనుకోవద్దు. మా దగ్గర ఒకతను తండ్రి అనారోగ్యమని ఏడాదిపాటు సెలవులు పెట్టి, పక్క వీధిలో మరో కంపెనీలో రోజు కూలీకి పనిచేశాడు. అడిగాం, విన్నాం, అవకాశం ఇచ్చాం. ఆ తర్వాత పద్ధతి ప్రకారం విచారణ జరిపి తీసేశాం. అతని గ్రాట్యుటీ మాత్రం పూర్తిగా ఇచ్చాం. గైర్హాజరును సాకుగా చూపి గ్రాట్యుటీ ఆపే హక్కు మనకు లేదు. ఆ ఉత్తర్వు నిలిచింది.

ప్రెస్‌షాప్_పీన్యా | 17 జూన్ 2023, రాత్రి 9:20

నోటీసు అతికించాను, కాగితం రాసుకున్నాం. ఆదివారం అతను, ఒక హెల్పర్ వచ్చి డైలు విప్పి పదును పెడతారు. ప్రెస్సులు ఆగి ఉండే రోజు కాబట్టి ఆ పనికి అదే మంచిది. ఇన్నేళ్లూ ఈ ఆలోచన రాలేదు. బదులుగా అతనికి మంగళవారం, హెల్పర్‌కు బుధవారం సెలవు.

చెన్నై_కొత్త_హెచ్ఆర్ | 8 డిసెంబరు 2025, సాయంత్రం 6:05

పాత చర్చను పైకి తెస్తున్నందుకు మన్నించండి. శ్రీపెరుంబుదూరులో నాకు ఇలాంటి పరిస్థితే వచ్చింది. గత నెల కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి కదా, పైన చెప్పిన పద్ధతి ఇప్పటికీ ఉందా? ప్రెస్‌షాప్ గారూ, తర్వాత ఏం జరిగింది?

రాజాజీనగర్_వకీలు | 9 డిసెంబరు 2025, ఉదయం 7:50

2025 నవంబరు 21 నుంచి నాలుగు కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పారిశ్రామిక వివాదాల చట్టం, స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ ఉంది. స్టాండింగ్ ఆర్డర్స్ ఇప్పుడు 300 మంది, అంతకు మించి ఉన్నచోటే తప్పనిసరి. అలాంటిచోట సస్పెండ్ చేసి విచారణ జరిపితే మామూలుగా 90 రోజుల్లో ముగించాలి. ఆ 90 రోజులూ సగం వేతనం జీవనభృతిగా ఇవ్వాలి. తీసేసినా, తానే మానేసినా, వేతన బకాయిలు రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతన కోడ్ చెబుతోంది. సెక్షన్ల అంకెలు మారాయి కాబట్టి నోటీసులు పాత నమూనాల్లో రాయకండి. మనిషి చెప్పేది వినాలన్న నియమం ఏ కోడ్‌తోనూ పోలేదు.

ప్రెస్‌షాప్_పీన్యా | 10 డిసెంబరు 2025, రాత్రి 9:35

చెన్నై మిత్రులకు. అతను ఇప్పటికీ మా దగ్గరే ఉన్నాడు. మంగళవారం అతను ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్తాడు, శుక్రవారం బావమరిది. బావమరిదికి కుదరని శుక్రవారాలకు వేతన సెలవు వాడుకుంటున్నాడు, ముందు రోజే చెబుతాడు. రెండేళ్లలో చెప్పకుండా మానింది మూడు రోజులు. మూడింటికీ కాగితం ఇచ్చాను, జవాబు రాసిచ్చాడు.

21,000 దాటిన ఆరుగురికి బృంద బీమా తీసుకున్నాం. ఇప్పుడు జీతం పెంచే ముందు ఆ ఇంట్లో ఎవరు ఏ వైద్యం మీద ఉన్నారో అడిగి, వాళ్ల ఎదుటే లెక్క వేస్తున్నాను.

ఆదివారాలు అతనితో ఉన్న హెల్పర్ డై ఎక్కించడం నేర్చుకున్నాడు. నిన్న మంగళవారం 110 టన్నుల ప్రెస్ మీద డై అతనే మార్చాడు. మొదటి పీసు నా చేతికి ఇచ్చే ముందు అంచును బొటనవేలితో తడిమి చూసుకున్నాడు.

మస్టర్ పుస్తకం కొత్తగా అచ్చు వేయించాను. తేదీ కింద వారం కూడా ఉంటుంది.